ప్రార్థన రావడం లేదు, సంఘంలో లెక్కల గొడవ: కాపరి రాజీనామా చేయాలా?

వందనాలు బ్రదర్.

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. డెబ్బై మంది దాకా ఉన్న సంఘానికి నాలుగేళ్లుగా కాపరిగా, అంటే పాస్టరుగా ఉన్నారు. కొన్ని నెలలుగా ఏకాంత ప్రార్థన సాగడం లేదు. మోకరించినా మాట రాదు, బైబిలు తెరిస్తే ఆదివారం ప్రసంగానికి పాయింట్లు కనబడతాయి తప్ప మీకంటూ ఏమీ దొరకదు. ఇంతలో మందిర నిర్మాణ నిధి మీద కమిటీలో మాటామాటా పెరిగి రెండు కుటుంబాలు రావడం మానేశాయి. "నా ఆత్మీయ స్థితి దిగజారబట్టే సంఘం ఇలా అయింది, నాకు అసలు పిలుపే లేదేమో, రాజీనామా ఇచ్చేయనా?" అంటున్నారు.

ఇప్పుడు ఇవ్వకండి. మూడు నెలల పాటు ఆ నిర్ణయం జోలికి పోవద్దు. మీరు ఒకటే అనుకుంటున్నవి నిజానికి రెండు సమస్యలు. ఒకటి మీ లోపలి ఎండుదనం, రెండోది డబ్బు లెక్కల తగాదా. మొదటిదానికి విశ్రాంతి, వాక్యం, అవసరమైతే డాక్టరు కావాలి. రెండోదానికి రసీదులు, వోచర్లు, ఇద్దరి సంతకాలు కావాలి. లెక్కల తగాదా వస్తే ఉపవాస కూడికలు ప్రకటించడం, తనకు ప్రార్థన రాకపోతే సంఘంలో కొత్త కార్యక్రమం మొదలుపెట్టడం కాపరుల్లో చాలా మామూలు. ఉపవాసం వద్దని నేననను. కానీ లేని వోచరు ఉపవాసంతో రాదు.

"నా వల్లే సంఘం ఇలా అయింది" అనే లెక్క వాక్యానికి కూడా నిలవదు. కొరింథు సంఘాన్ని స్థాపించినవాడు పౌలే. అక్కడ నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను, నేను కేఫావాడను, నేను క్రీస్తువాడను అని నాలుగు వర్గాలయ్యారు (1 కొరింథీ 1:12). పౌలు వాళ్లను గద్దించాడు, బుద్ధి చెప్పాడు, కానీ తన ప్రార్థన తగ్గబట్టే ఇలా అయిందని ఒక్క మాట అనలేదు. దీనికి తిరగేసిన పరిస్థితీ ఉంటుంది. హాజరు పెరుగుతూ, కానుకలు పెరుగుతూ, లోపల కాపరి పూర్తిగా పాడైపోయిన సంఘాలు లేకపోలేదు. హాజరు పట్టీ చూసి మీ విశ్వాసాన్ని కొలవకండి.

ముందు శరీరం సంగతి. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త చావు కోరుకున్నప్పుడు దేవుడు ఏ వరుసలో పనిచేశాడో చూడండి. నిద్ర, తిండి, మళ్లీ నిద్ర, మళ్లీ తిండి. ఆ తర్వాత నలభై రాత్రింబగళ్లు నడిచి హోరేబు చేరాకే "ఇక్కడేం చేస్తున్నావు?" అన్న ప్రశ్న. మనం ఆ ప్రశ్నతో మొదలుపెడతాం, నిద్ర సంగతి ఎవరూ అడగరు.

కాబట్టి రెండు వారాలు ఒక కాగితం మీద రోజూ రాయండి: ఎన్ని గంటలు పడుకున్నారు, ఏం తిన్నారు, ఎవరెవరితో ఎంతసేపు ఫోనులో మాట్లాడారు. రాత్రి పదకొండుకు వచ్చే "పాస్టరుగారూ, ఒక్క నిమిషం" ఫోన్లు ఎన్ని గంటలు తింటున్నాయో అప్పుడు తెలుస్తుంది. రాత్రి తొమ్మిది తర్వాత ఫోను ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉంచండి. మరణం, ఆసుపత్రి అయితేనే మీకు ఇవ్వాలి. వారంలో ఒక పూర్తి రోజు సెలవు పెట్టుకోండి, అది శనివారం కాకూడదు. శనివారం ఒళ్లు విశ్రాంతిలో ఉన్నా మనసు ఆదివారం ప్రసంగం మీదే ఉంటుంది. సోమవారం పెట్టుకునేవాళ్లు ఎక్కువ. ఆరోజు ఒంట్లో ఓపిక ఉండదు కాబట్టి సగం రోజు నిద్రకే పోతుంది. వీలైతే మంగళవారం లేదా గురువారం మేలు.

రెండు వారాలకు మించి రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండటం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తలకిందులవడం, నేను పనికిరాను అనే ఆలోచన పదేపదే రావడం, చిన్న విషయం మీద కూడా మనసు నిలవకపోవడం ఉంటే అది కేవలం ఆత్మీయ పొడితనం కాకపోవచ్చు, డిప్రెషన్ కావచ్చు. డాక్టరుకు చూపించండి. థైరాయిడ్ తగ్గడం, రక్తహీనత, బి12 లోపం కూడా ఇలాగే కనబడతాయి, రక్త పరీక్షలో తేలిపోతాయి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు చూడటాలు లేవు: అదే రోజు ఇంట్లోవాళ్లకు చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మందులు మొదలుపెడితే, ఎవరో చేతులుంచి ప్రార్థన చేశారని మధ్యలో ఆపకండి. మందు వేసుకుంటే విశ్వాసం తక్కువ అనే మాటను గట్టిగా కాదనాలి. 1856 అక్టోబరు 19న లండన్‌లో పేరొందిన ప్రసంగీకుడు స్పర్జన్ ప్రసంగిస్తున్న హాలులో "మంటలు" అని ఎవరో అరిస్తే తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు. ఆ దెబ్బ తర్వాత కుంగుబాటు ఆయన్ను జీవితాంతం విడతలు విడతలుగా వెంటాడింది, దాన్ని ఆయన దాచుకోలేదు. ఆయనకు పిలుపు లేదని ఎవరూ అనరు కదా.

ఇక ప్రార్థన. ప్రసంగం తయారీనీ, మీ ప్రార్థననీ చోటు మార్చి వేరు చేయండి. ఒకే బల్ల, ఒకే కుర్చీ, గీతలు గీసిన అదే బైబిలు అయితే చేయి దానంతటదే పెన్ను మీదికి పోతుంది. మీకోసం వేరే బైబిలు ఉంచుకోండి, గీతలు, నోట్సు ఏమీ లేనిది. వేరే మూల, వేరే వేళ. పదిహేను నిమిషాలు చాలు, గంట అని పెట్టుకోవద్దు. గంట పెట్టుకుంటే మూడో రోజుకే ఆగిపోతుంది, ఆగిందన్న నేరభావం ఇంకోటి తోడవుతుంది. ఆ పదిహేను నిమిషాల్లో ఒక కీర్తన పైకి చదవండి, మనసులో కాదు. రాత్రి పడుకునే ముందు అదే కీర్తన మళ్లీ చదవండి. ఎండిపోయి ఉన్నప్పుడు సొంత మాటలు వెతుక్కోవడం అనవసరపు శ్రమ.

స్తుతి కీర్తనలతో మొదలుపెట్టకండి, అబద్ధం ఆడుతున్నట్టు ఉంటుంది. 13వ కీర్తనతో మొదలుపెట్టండి. ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లో దావీదు ఎంతకాలం, ఎంతవరకు అని నాలుగుసార్లు నిలదీస్తాడు. తర్వాత రెండు వచనాలు మనవి, చివరి రెండు నమ్మిక. ఆ మూడు భాగాలకూ మీవి మూడు వాక్యాలు కాగితం మీద రాయండి. మూడోది రాకపోతే ఖాళీగా వదిలేయండి. 88వ కీర్తన అసలు మూడో భాగం లేకుండా చీకటి మాట దగ్గరే ఆగిపోతుంది, అయినా అది బైబిల్లో ఉంది. తర్వాత 42, 77 కీర్తనలు, యిర్మీయా 20వ అధ్యాయం చదవండి. ఇలా ఆరు వారాలు. అనుభూతి కోసం ఎదురుచూడకండి. చూడాల్సింది ఒక్కటే, రేపు కూడా అక్కడ కూర్చున్నారా లేదా.

"లోపల ఏమీ లేకుండా ప్రసంగిస్తే వేషధారణ కాదా?" అని కూడా అడిగారు. కాదు, ఒక షరతు మీద. వాక్యంలో ఉన్నది చెప్పండి, మీలో లేని అనుభవం చెప్పకండి. "ఈ వారం ప్రభువు నాతో మాట్లాడాడు" అనే మాట నిజం కాకపోతే అనకండి. విశ్వాసులు దాన్ని కనిపెట్టకపోవచ్చు, మీరు మాత్రం అక్కడే విరుగుతారు. దానికి ఆచరణలో తేలిక మార్గం, వారం వారం అంశం వెతుక్కోవడం మానేసి ఒక పుస్తకాన్ని వరుసగా తీసుకోవడం. మార్కు సువార్త పదహారు అధ్యాయాలు, అధ్యాయాన్ని రెండుగా చేస్తే ముప్పై రెండు ఆదివారాలు. శుక్రవారం రాత్రి "ఏం చెప్పాలి" అనే ఆందోళన పోతుంది. ఇంకో లాభం ఉంది: గొడవలో ఉన్నవాళ్ల మీద వాక్యాన్ని ఎక్కుపెట్టే శోధన తప్పుతుంది. వారం మధ్య బైబిలు స్టడీ మీరే చేస్తుంటే ఆ బాధ్యత మూడు నెలల పాటు ఒక పెద్దకు ఇవ్వండి. ఆయన మీకంటే బాగా చెప్పకపోవచ్చు, పర్వాలేదు.

ఇప్పుడు డబ్బు. దీనిమీద కాస్త ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే సంఘాల్లో సిద్ధాంతం గొడవ అని పైకి చెప్పుకునేవాటిలో చాలావాటికి అడుగున ఉండేది ఇదే.

యెరూషలేములోని పరిశుద్ధుల, అంటే అక్కడి విశ్వాసుల కోసం పోగుచేసిన చందాను పౌలు ఒక్కడే మోయలేదు. తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి తోడు పంపాడు, ఎవరూ తమమీద తప్పు మోపకుండా జాగ్రత్తపడుతున్నామని, ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలో కూడా సరిగా ఉండాలని రాశాడు (2 కొరింథీ 8:19-21). అపొస్తలుడికే ఆ జాగ్రత్త ఉంటే "నన్నే అనుమానిస్తారా?" అని మనం చిన్నబుచ్చుకోవడంలో అర్థం లేదు.

మీరు చెప్పినదాన్ని బట్టి ఎవరూ తిన్నట్టు లేదు, ఎవరూ రాసినట్టూ లేదు. సరిచేసే పద్ధతి ఇది. నిర్మాణం మొదలైన నెల నుంచి ఇప్పటిదాకా బ్యాంకు స్టేట్‌మెంటు తీయించండి. రసీదు పుస్తకాల అడుగు ప్రతులు, కొట్టు బిల్లులు, కూలీ చీటీలు నెలవారీగా విడివిడి కవర్లలో పెట్టండి. ఒక పెద్ద పుస్తకంలో నెలకో పేజీ తీసి మూడు గడులు గీయండి: వచ్చినది, కాగితం ఉన్న ఖర్చు, కాగితం లేని ఖర్చు. మూడో గడిని దాచకండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. కాగితం లేనివాటికి ఇప్పుడు కూర్చుని వోచర్లు రాసి, పాత తేదీలు వేసి, మేస్త్రీతో సంతకం పెట్టిస్తారు. ఖర్చు నిజమే అయినా కాగితం దొంగది అవుతుంది. అది బయటపడిన రోజున మిగతా లెక్కంతా దొంగదే అనిపిస్తుంది. దాని బదులు "ఈ మొత్తానికి కాగితం లేదు, ఫలానా పనికి ఖర్చయినట్టు ఫలానా ఇద్దరికి తెలుసు" అని రాసి, ఆ ఇద్దరి సంతకం ఈరోజు తేదీతో తీసుకోండి. ఈ లెక్క రాసేది మీరూ కాకూడదు, కోశాధికారీ కాకూడదు. ఇటు పక్షం ఒకరు, అటు పక్షం ఒకరు, బయటి సంఘం నుంచి లెక్కలు తెలిసినవారు ఒకరు. మూడు నాలుగు సార్లు కూర్చుంటే అయిపోతుంది.

ఇక ముందుకు కొన్ని నియమాలు కమిటీ తీర్మానంగా మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి. కానుకలు ఆరాధన అయిన వెంటనే, మందిరంలోనే, ఒకే కుటుంబానికి చెందని ఇద్దరు లెక్కపెట్టాలి. ఏ నోట్లు ఎన్ని అన్నది చీటీలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి, పుస్తకంలో ఎక్కించేది మూడో మనిషి. పెట్టె ఎవరింటికీ పోకూడదు. లెక్కపెట్టకముందే "కరెంటు బిల్లుకి ఇందులోంచి తీసిస్తాం" అనే అలవాటు ఆరోజుతో ఆగిపోవాలి, ఎందుకంటే వచ్చినదెంతో ఇక ఎప్పటికీ తెలియదు. నిర్మాణ నిధికి వేరే ఖాతా, ఇద్దరి సంతకాలు. అందులోంచి జీతాలకు సర్దుబాటు చేయాల్సివస్తే అప్పుగా రాసి, ఎప్పటికి తిరిగి వేస్తారో తేదీ వేయాలి. నెలకోసారి వచ్చిందెంత, పోయిందెంత, చేతిలో ఎంత అని మూడు అంకెలు నోటీసు బోర్డు మీద ఉండాలి. కాపరి జీతం అంకె కూడా రాతపూర్వకంగా ఉండాలి. విశ్వాసులు వ్యక్తిగతంగా మీ చేతిలో పెట్టేది మీదా, సంఘానిదా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఇది తేలకపోవడం వల్ల మంచివాళ్లు నిందలపాలవుతారు. మీ భార్యగానీ, అన్నదమ్ములుగానీ కోశాధికారి అయితే, ఎంత నమ్మకస్తులైనా, వచ్చే కమిటీలో మార్చండి.

వెళ్లిపోయిన కుటుంబాల దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? లెక్క తేలేదాకా ఆగవద్దు. ఈ వారమే వెళ్లండి. మత్తయి 18:15-17 క్రమం (ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరితో, ఆపైన సంఘం ముందు) అందరికీ కంఠస్థమే, పాటించేటప్పుడు మాత్రం మొదటి మెట్టు దూకి నేరుగా మూడో మెట్టుకు, అంటే సంఘం ముందుకు పోతాం. ఇక్కడ వాళ్లకే మీ మీద నొప్పి ఉంది కాబట్టి మత్తయి 5:23-24 ఇంకా దగ్గరగా వర్తిస్తుంది: కానుకను బలిపీఠం దగ్గరే వదిలి ముందు సమాధానపడమన్నాడు యేసు.

వెళ్లేముందు ఫోను చేసి వేళ అడగండి, చెప్పకుండా పోవద్దు. ఒక్కరే వెళ్లండి, కమిటీని వెంటేసుకుని పోతే పంచాయితీ అవుతుంది. మొదటిసారి వినడానికే వెళ్లండి. ముప్పావు గంట చాలు. మీ తరఫు వాదన చెప్పాలని నోటిదాకా వస్తుంది, ఆపుకోండి. వాళ్లు చెప్పినది మీ మాటల్లో తిరిగి చెప్పి "ఇదేనా మీరనేది?" అని అడగండి. వాళ్లు "అవును, అదే" అనేదాకా సరిచేస్తూ ఉండండి. తిరిగి రమ్మని ఆరోజు అడగొద్దు, అడిగితే వచ్చింది హాజరు కోసమే అనుకుంటారు. ఇంటికి వచ్చాక రాసుకుని, రెండు వారాల్లోపు మళ్లీ వెళ్లి ఏది మార్చగలరో, ఏది మార్చలేరో రెండూ చెప్పండి. మూడో గడి సంగతి కూడా వాళ్లు మీ నోటి నుంచే వినాలి.

అంత చేసినా రాకపోవచ్చు. పౌలు, బర్నబాలు మార్కును వెంట తీసుకెళ్లాలా వద్దా అన్న విషయంలో తీవ్రంగా విభేదించి విడిపోయారు (అపొస్తలుల కార్యములు 15:39). చాలా ఏళ్ల తర్వాత అదే మార్కును వెంటబెట్టుకుని రమ్మని, అతడు పరిచర్యకు ప్రయోజనకరమైనవాడని పౌలే రాశాడు (2 తిమోతి 4:11). కాబట్టి వాళ్లు వేరే సంఘంలో చేరతామంటే బదిలీ ఉత్తరం అడగకముందే ఇవ్వండి.

ఈ నెలల్లో చేయకూడనివి కొన్ని. ప్రసంగ వేదిక మీద నుంచి పేరు చెప్పకుండా దెప్పడం. అందరికీ ఎవరో తెలుసు, వాళ్ల బంధువులు ఎదురుగానే కూర్చుని ఉంటారు. వాట్సాప్ గ్రూపులో వివరణ ఇవ్వడం కూడా వద్దు. మీరు పెట్టిన నాలుగు పేరాల్లో ఒక వాక్యం మాత్రమే పదిమందికీ తిరుగుతుంది. ప్రార్థన మనవుల రూపంలో కబుర్లు నడుస్తాయి, "ఫలానా కుటుంబం మనసు మారాలని ప్రార్థిద్దాం" లాంటివి. వాటిని అక్కడికక్కడే మర్యాదగా ఆపండి. ప్రభువు బల్లను (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారాన్ని) ఆయుధంగా వాడటం అన్నిటికంటే చెడ్డది. లెక్కల్లో మీతో విభేదించినంత మాత్రాన ఎవరినీ బల్లకు దూరం పెట్టకండి.

కమిటీ కూర్చునేటప్పుడు అజెండా రెండు రోజుల ముందే అందరికీ ఇవ్వండి, గంటన్నరకు మించనివ్వకండి. ఒప్పుకోనివాళ్ల మాట కూడా మినిట్స్‌లో వాళ్ల పేరుతో రాయించండి. తన అభ్యంతరం రాతలో ఉందని తెలిస్తే మనిషి గొంతు తగ్గుతుంది. మీటింగు నుంచి ఇంటికి వచ్చి ప్రతి మాటా భార్యకు అప్పజెప్పకండి. ఎల్లుండి అదే మనిషి మీ భార్య పక్కన కూర్చుంటుంది, మీరు క్షమించేసినా ఆమె మోస్తూ ఉంటుంది. అలాగని ఎవరికీ చెప్పకుండా కూడా ఉండలేరు. మీ సంఘానికీ, మీ జీతానికీ ఏ సంబంధమూ లేని ఒక పెద్ద కాపరిని చూసుకుని నెలకోసారి ముఖాముఖి కూర్చోండి. మీ ప్రశ్నలో ఎక్కడా అలాంటి మనిషి ప్రస్తావన లేదు, నాకు ఎక్కువ బెంగ కలిగించింది అదే.

చివరగా రాజీనామా. 4వ శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో ఉన్న ఎవాగ్రియస్ అనే సన్యాసి ఈ స్థితిని వర్ణించాడు. పొద్దు కదలనట్టు ఉంటుంది, ఉన్న చోటు మీద విసుగు పుడుతుంది, సహోదరుల్లో ప్రేమ చచ్చిపోయిందనిపిస్తుంది, ఇంకెక్కడికైనా పోతే దేవుణ్ణి బాగా సేవించగలననిపిస్తుంది. మీ ఉత్తరంలో ఈ నాలుగూ ఉన్నాయి. ఆయన సలహా గది వదలొద్దనే. అయితే దాన్ని గుడ్డిగా పట్టుకోకూడదు. చార్లెస్ సిమియన్‌ను 1782లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి హోలీ ట్రినిటీ చర్చిలో కాపరిగా నియమిస్తే, ఆయన్ను వద్దనుకున్న జనం ఎవరూ కూర్చోకుండా తమ తలుపులున్న బల్లలకు తాళాలు వేసుకున్నారు. ఆయన ఓర్చుకుని 1836లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. జోనాథన్ ఎడ్వర్డ్స్‌ను 1750లో ప్రభువు బల్లకు ఎవరు అర్హులన్న వివాదంలో ఆయన కాపరిగా ఉన్న అమెరికాలోని నార్తాంప్టన్ సంఘమే ఓటు వేసి తీసేసింది, ఆయన వెళ్లి ఇంకోచోట పరిచర్య చేశాడు. ఉండటమే విశ్వాసం, వెళ్లడం ఓటమి అనే సూత్రం ఏదీ లేదు.

వెంటనే తప్పుకోవాల్సిన సందర్భాలు ఉన్నాయి: నైతికంగా పడిపోయినప్పుడు, మీరు బోధిస్తున్న మూల విశ్వాసాన్ని మీరే నమ్మనప్పుడు (ఎండిపోవడం వేరు, నమ్మకపోవడం వేరు), కుటుంబ భద్రతకు ప్రమాదం ఉన్నప్పుడు, డాక్టరు పని ఆపమన్నప్పుడు. డాక్టరు మాటకైతే చాలాసార్లు సెలవు సరిపోతుంది, రాజీనామా అక్కర్లేదు. ఇవేవీ లేకపోతే మూడు నెలలు గడిచాక, లెక్క తేలాక, నిద్ర కుదిరాక, ఆ బయటి కాపరితోనూ మీ భార్యతోనూ కూర్చుని మళ్లీ ఆలోచించండి. ఆ ఇద్దరూ వెళ్లడమే మంచిదంటే వెళ్లండి.

వెళ్లేటట్టయితే కమిటీకి రాతపూర్వకంగా ఇచ్చి, రెండు మూడు నెలల గడువు పెట్టండి. ఆదివారం ప్రసంగం మధ్యలో హఠాత్తుగా ప్రకటించవద్దు. లెక్కల పుస్తకాలు, బ్యాంకు కాగితాలు, సభ్యుల రిజిస్టరు, బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు, తాళాలు ఒక జాబితా రాసి ఇద్దరు పెద్దల సంతకాలతో అప్పగించండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఆ తర్వాత కనీసం ఏడాది పాటు ఆ సంఘంలోని పెళ్లిళ్లకు, సమాధి కార్యక్రమాలకు మిమ్మల్ని పిలిస్తే, కొత్త కాపరి అనుమతి ఉంటేనే వెళ్లండి.